చెక్క దగ్గరికి రంపమా, రంపం దగ్గరికి చెక్కా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట ఆగిపోతుంది. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వడ్రంగులకు చేతినిండా పని. పాడైన పలకలు ఊడదీయాలి, కొత్తవి కోసి బిగించాలి, సందుల్లో పత్తి పోగులు కుక్కి మూయాలి. పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగేలోపు ఇదంతా ముగియాలి. ఇంత పెద్ద చెక్కపని ఏ పనిముట్లతో సాగుతోందో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. దుంగను పలకలుగా కోసే బరువు పని సా మిల్లులోనే అయిపోతుంది. ఆ తర్వాత పడవ పక్కన జరిగేదంతా బాడిశ, ఉలి, చేతి రంపం, కరెంటు చిత్రిక, చేత్తో పట్టుకునే కోత మిషను లాంటి మోసుకెళ్ళగలిగే సామానుతోనే. పడవను తీసుకెళ్ళి రంపం ముందు పెట్టలేరు కనుక రంపమే పడవ దగ్గరికి రావాలి. తక్కువ డబ్బులో ఇంటి చెక్కపనికి ఏ కరెంటు రంపం కొనాలని ఆలోచించేవారు ముందుగా తేల్చుకోవలసింది కూడా ఇదే. బ్రాండు, వాట్లు, ధర తర్వాతి సంగతులు. మన పనిలో చెక్క రంపం దగ్గరికి వస్తుందా, రంపం చెక్క దగ్గరికి వెళ్తుందా?

దుకాణంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అక్కడ ఉండేవి అయిదారు రకాలు. రెండు నుంచి నాలుగు వేల రూపాయల్లో మార్బుల్ కట్టరు, మూడు నుంచి ఆరు వేలల్లో జిగ్ సా, అయిదు నుంచి పది వేలల్లో ఏడంగుళాల సర్క్యులర్ సా దొరుకుతాయి. కర్రను అడ్డంగా కచ్చితమైన కోణంలో నరికే మైటర్ సా పన్నెండు వేలు దాటుతుంది. బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి పొడుచుకువచ్చే టేబుల్ సాకు, కాస్త నమ్మదగినదైతే, ముప్ఫై వేలో యాభై వేలో పెట్టాలి. ఇవన్నీ ఉజ్జాయింపు ధరలే, కంపెనీని బట్టి, రాయితీలను బట్టి మారుతుంటాయి. ఇంట్లో అలమర, పుస్తకాల అర, చెప్పుల స్టాండు, చిన్న బల్ల చేసుకోవాలనుకునే మామూలు నగరవాసికి వీటిలో మొదట కొనవలసింది ఏడంగుళాల సర్క్యులర్ సా అని, దానితోపాటు ఒక మంచి బ్లేడు, తిన్నని గైడు పలక, రెండు క్లాంపులు ఉండాలని నా అభిప్రాయం. ఇది అందరూ ఒప్పుకునే మాట కాదు. మార్బుల్ కట్టరు చాలనే మేస్త్రీలు ఉన్నారు. టేబుల్ సా లేనిదే చెక్కపని కాదనే అభిరుచిగల వాళ్ళూ ఉన్నారు. ఇద్దరి వాదనల్లోనూ పస ఉంది, అందుకే తీరిగ్గా చూడాలి.

ముందు చెక్క సంగతి. ఈ రోజుల్లో ఇంటి సామానుకు ముడిసరుకు చాలావరకు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ షీటు. 18 మిల్లీమీటర్ల మందం షీటు బరువు ముప్ఫై అయిదు కిలోల చుట్టూ ఉంటుంది. చాలా అపార్టుమెంట్ల లిఫ్టులో అది పట్టదు, మెట్ల మలుపులో ఇద్దరు పట్టుకున్నా తిప్పలే. ఇలాంటి షీటును టేబుల్ సా మీద నిలువునా చీల్చాలంటే బ్లేడుకు ముందు ఎనిమిదడుగులు, తర్వాత మరో ఎనిమిదడుగులు ఖాళీ కావాలి. వెనక పట్టుకోవడానికి మనిషో మరో బల్లో ఉండాలి. రెండు పడగ్గదుల ఫ్లాటులో పదహారడుగుల నిడివి ఎక్కడుంటుంది? హార్బర్‌లో పడవ ఎలా కదలదో ఇంట్లో షీటు కూడా దాదాపు అలాగే కదలదు. అయితే తేడా ఒకటుంది. పడవలో తిన్నని గీత అన్నదే అరుదు, ప్రతి పలకా వంపు తిరిగి, అంచు వాలుగా చెక్కించుకుంటుంది. ఇంటి సామానులో అన్నీ తిన్నని గీతలే, అన్నీ మూలమట్టానికి సరిపోవలసినవే. అందుకని పడవ మేస్త్రి నుంచి తీసుకోవలసింది రంపాన్ని చెక్క దగ్గరికి తీసుకెళ్ళే పద్ధతిని. అతని చేతిలోని మిషనునే కొనాలని కాదు.

చేత్తో పట్టుకునే సర్క్యులర్ సా పుట్టుక కూడా ఈ అవసరంలోంచే. 1920ల మొదట్లో అమెరికాలో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన పొలంలో కూలీలు కత్తులతో చెరకు నరకడం చూసి, ఆ శ్రమను మోటారుకు అప్పగించే ప్రయత్నం చేశాడు. ఆ ప్రయత్నమే చివరికి చేతి సర్క్యులర్ సా అయింది, ఆ దేశంలో ఇల్లు కట్టే వడ్రంగుల చేతికి చేరింది. (అనకాపల్లి పక్కన ఉన్నవాళ్ళం, చెరకు నరకడంలో ఎంత కష్టముందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.) ఇప్పుడు దొరికే ఏడంగుళాల మిషనులో బ్లేడు వ్యాసం 185 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. నిటారుగా పెడితే అరవై మిల్లీమీటర్లకు పైగా, 45 డిగ్రీలు వాల్చితే నలభై అయిదు దాకా లోతు కోస్తుంది. అంటే రెండంగుళాల టేకు చట్రాన్ని ఒకే విడతలో తెగ్గొడుతుంది. మూడంగుళాల గుమ్మం కర్రయితే రెండు వైపుల నుంచి కోయాలి. బ్లేడు కింది సగాన్ని మూసి ఉంచే గార్డు స్ప్రింగుతో పనిచేస్తుంది. చెక్క తగిలితే వెనక్కి జరుగుతుంది, కోత అయిపోగానే దానంతటదే మూసుకుంటుంది. చూడ్డానికి చిన్న ఏర్పాటు, కాని కోత ముగించి మిషనును కింద పెట్టే క్షణంలో తొడనూ, పాదాన్నీ, వైరునూ కాపాడేది అదే.

మార్బుల్ కట్టరు వాదనకు ఇక్కడే జవాబు మొదలవుతుంది. మన ఊళ్ళలో ఏ ఇంటీరియర్ పని జరిగే ఫ్లాటులోకి వెళ్ళినా వడ్రంగి చేతిలో నాలుగంగుళాల మార్బుల్ కట్టరు, దానికి బిగించిన పళ్ళ బ్లేడు కనిపిస్తాయి. వేల ఇళ్ళలో వార్డ్‌రోబులు, కిచెన్ అరలు దానితోనే తయారయ్యాయి, బాగానే ఉన్నాయి కూడా. ధర తక్కువ, బరువు తక్కువ, ఏ వీధిలోనైనా బాగుచేస్తారు. మరి అభ్యంతరం ఎందుకు? ఆ మిషను రాయి కోయడానికి పుట్టింది. దానికి ఉద్దేశించిన డైమండ్ బ్లేడుకు పళ్ళుండవు, అది రాతిని అరగదీస్తుంది తప్ప పట్టి లాగదు. అందుకే దాని గార్డు కదలదు, పైసగాన్ని మాత్రమే కప్పుతుంది. కోత తర్వాత కింది సగం బోసిగానే తిరుగుతూ ఉంటుంది. వేగం లెక్క కూడా చూడండి. 185 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే పంటి కొస సెకనుకు దాదాపు 48 మీటర్లు పోతుంది. 110 మిల్లీమీటర్ల కట్టరు 13,000 చుట్లు తిరిగితే సెకనుకు 75 మీటర్లు, అంటే గంటకు 270 కిలోమీటర్లు. తడి చెక్కలోనో ముడి దగ్గరో ఆ పన్ను ఇరుక్కుంటే మిషను చేతిమీదికి తన్నుకొస్తుంది. బరువు తక్కువ కావడం మంచిదని చెప్పుకున్నామే, ఆ తన్ను తినేటప్పుడు అదే లోపం. చాలా కంపెనీల సూచనల పుస్తకాలు డైమండ్ బ్లేడు తప్ప మరొకటి బిగించవద్దనే చెబుతాయి. పైగా కోత లోతు ముప్ఫై మిల్లీమీటర్ల చుట్టూనే. ప్లైవుడ్‌కు చాలు, రెండంగుళాల చెక్కకు చాలదు.

మరి మేస్త్రీలు ఎందుకు వాడుతున్నారంటే, వాళ్ళ లెక్క వేరు, అది వాళ్ళకు సరైన లెక్కే. రోజూ ఒక సైటు నుంచి మరో సైటుకు బండిమీద సామాను మోసే మనిషికి ఒకే మిషను పొద్దున ప్లైవుడ్డూ సాయంత్రం గ్రానైటూ కోస్తే కలిసొస్తుంది. ఏళ్ళ తరబడి పట్టిన చేతికి బ్లేడు ఎప్పుడు బిగుసుకుంటుందో శబ్దంలోనే తెలుస్తుంది. ఇంటాయన ఆదివారాలు మాత్రమే మిషను పట్టుకుంటాడు. ఆయన చేతికి ఆ అలవాటు రాదు, ఎందుకంటే రావడానికి కావలసినన్ని కోతలు ఆయన కోయడు. అనుభవం ఉన్నవాడు మిషనులోని కొరతను చేత్తో పూడుస్తాడు. అనుభవం లేనివాడికి మిషనే ఆ పని చేసిపెట్టాలి. అందుచేత రెండు మూడు వేలు మిగులుతాయని కొత్తవాడు మార్బుల్ కట్టరుతో మొదలుపెట్టడం పొదుపు కాదని నా తీర్పు. ఇక యాంగిల్ గ్రైండరుకు చెక్క బ్లేడు తగిలించే అలవాటు గురించి చర్చే అనవసరం. అది చేయకూడదు, అంతే.

టేబుల్ సా పక్షం వారి అభ్యంతరం ఇంకా బలమైనది. చేత్తో తోసే రంపంతో తిన్నగా కోయడం కుదరదు, ఒకే కొలత గల నాలుగు అరలు నాలుగు రకాలుగా వస్తాయి అంటారు. ఒట్టి చేత్తో గీత వెంబడి తోస్తే నిజమే, ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అటో ఇటో పోతుంది. అలమర తలుపు దగ్గర ఆ తేడా కంటికి కొడుతుంది. గైడు పలక చేసుకుంటే ఈ బాధ తప్పుతుంది, ఖర్చు కొన్ని వందలే. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లోంచి అడుగు వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు పట్టీ తీసుకోవాలి. దానిమీద అంతే పల్చని మరో రెండంగుళాల పట్టీని, కంపెనీ నుంచి వచ్చిన తిన్నని అంచు రంపం నడిచే వైపుకు ఉండేలా జిగురుపెట్టి అంటించాలి. ఆ పట్టీ మందంగా ఉంటే బ్లేడును పైకెత్తి పెట్టినప్పుడు మోటారు దానికి తగులుతుంది, అందుకే పల్చనిది. జిగురు ఆరాక రంపం బేస్ ప్లేటును ఆ అంచుకు ఆనించి ఒకసారి చివరిదాకా తోస్తే, కింది పట్టీలో ఎక్కువున్న భాగం తెగిపోతుంది. మిగిలిన అంచు కచ్చితంగా బ్లేడు నడిచే దారి. ఇకపై కొలత గీతమీద ఆ అంచును పెట్టి, రెండు చివరలా క్లాంపులు బిగించి తోయడమే. ప్రతిసారీ బ్లేడుకూ ప్లేటుకూ మధ్య దూరం లెక్కగట్టే పనిలేదు. పైగా ఆ అంచు చెక్కను గట్టిగా అదిమి పట్టడంవల్ల ఆ వైపు పెచ్చులు లేవవు. అయితే ఈ పలక ఆ ఒక్క మిషనుకూ ఆ ఒక్క బ్లేడు మందానికే పనికొస్తుంది. బ్లేడు మారిస్తే కొలత మారుతుంది.

షీటును నేలమీద థర్మాకోల్ పరచి దానిపై పెట్టుకుంటే రెండు ముక్కలూ ఆనుకునే ఉంటాయి, కోత చివర బ్లేడు బిగుసుకోదు. లోతును చెక్క కింద మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే దిగేలా పెట్టాలి, గైడు పలక మందాన్ని కలుపుకోవడం మరిచిపోకుండా. సర్క్యులర్ సా పళ్ళు కిందనుంచి పైకి కోస్తాయి కనుక పెచ్చులు పైవైపే లేస్తాయి. సన్‌మైకా ఉన్న మంచి ముఖం కిందికి ఉండాలి. టేబుల్ సాలో ఇది తిరగబడుతుంది. ఒకే వెడల్పు సన్నని పట్టీలు ఇరవై ముప్ఫై కోయవలసివస్తే టేబుల్ సాకు సాటి లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కాని దానికోసం చాలామంది చేసే ఉపాయం, సర్క్యులర్ సానో మార్బుల్ కట్టరునో తలకిందులుగా ప్లైవుడ్ బల్లకు బిగించి గార్డు పీకేసి స్విచ్చును తాడుతో కట్టేయడం, ఉన్న ప్రమాదాలన్నిటినీ ఒకచోట పోగుచేసినట్టే. గార్డులూ ఫెన్సులూ సక్రమంగా అమర్చిన టేబుల్ సాలు అమ్ముడయ్యే అమెరికాలోనే వాటి బ్లేడు తగిలి ఏటా సుమారు 30 వేల మంది ఆస్పత్రికి వెళ్తున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ అంచనా. చర్మం తగలగానే బ్లేడును క్షణంలో ఆపే పరికరాన్ని 1999లో స్టీఫెన్ గాస్ కనిపెట్టాడు. అది అమర్చిన యంత్రాలు మన బడ్జెట్ చర్చలోకే రావు.

జిగ్ సా సంగతి వేరు. 1946లో స్విట్జర్లాండ్‌లో స్కింటిల్లా కంపెనీ ఇంజినీరు ఆల్బర్ట్ కౌఫ్‌మన్ కుట్టుమిషను సూది స్థానంలో రంపపు బ్లేడు బిగించి చూశాడు, అదే జిగ్ సాకు మొదలు. పైకీ కిందికీ ఆడే సన్నని బ్లేడు వంపుల్లో తిరుగుతుంది, తన్నే గుణం తక్కువ, శబ్దమూ తక్కువే. భయపడేవారికి, పిల్లల బొమ్మలూ బోర్డులూ చేయాలనుకునేవారికి మొదటి మిషనుగా అదే సరి. కాని ఎనిమిదడుగుల తిన్నని కోతకు దాన్ని పెడితే గైడు ఉన్నా బ్లేడు లోపల్లోపల వంగుతుంది. పైన గీత తిన్నగానే ఉంటుంది, కింద అంచు వాలిపోతుంది. అలా వాలిన అంచులతో పెట్టె బిగిస్తే మూలలు కలవవు. ఇక్కడ పడవకూ అలమరకూ ఉన్న తేడా మళ్ళీ పనికొస్తుంది. వంపులే ముఖ్యమైన పనికి జిగ్ సా మొదట, సర్క్యులర్ సా తర్వాత. మామూలు ఇంటికి ఈ వరస తిరగబడుతుంది.

అసలు కొనడం ఎందుకు, ప్లైవుడ్ కొన్నచోటే కోయించుకోవచ్చు కదా అనే ప్రశ్న అన్నిటికన్నా సబబైనది. పెద్ద ప్యానెల్ సా ఉన్న దుకాణంలో కోసిన అంచుకు ఇంటి కోత సరితూగడం కష్టం. కొలతలన్నీ ముందే కాగితంమీద పెట్టుకోగలిగితే, ఏడాదికి ఒక షీటుకు మించి వాడకపోతే, రంపం కొనకపోవడమే తెలివి. చివర్లు సరిచేయడానికి అయిదు వందల చేతి రంపం చాలు. గట్టి చెక్కయితే మిల్లులో బ్యాండ్ సా మీద నిలువు కోత కోయించుకోవడం హార్బర్ వడ్రంగులు కూడా చేసేదే. సొంత రంపం అవసరం ఎక్కడ మొదలవుతుందంటే, పని మధ్యలో కొలత మారే చోట. పాత ఫ్లాటులో గోడలు మూలమట్టానికి ఉండవు. అర వెనక వైపు ఒకచోట ముప్పావంగుళం పెరుగుతుంది, మరోచోట తగ్గుతుంది. ప్రతిదానికీ ఆటోలో షీటు వేసుకుని దుకాణానికి తిరగలేం. పెద్ద కోత బయట, సరిపెట్టుకునే కోత ఇంట్లో అనే పంపకం చాలామందికి కుదురుతుంది. ఆ పంపకంలోనూ ఇంట్లో ఉండాల్సింది చేతి సర్క్యులర్ సాయే.

విశాఖలో చెక్కకు దాని స్వభావాలు దానికున్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ ఎక్కువే కావడంతో సరిగా ఆరని వేప, మామిడి, తుమ్మ పలకలు కోస్తుండగానే కదిలి బ్లేడును బిగబడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో చెట్లను విపరీతంగా కూల్చినట్టే, ప్రతి పెద్ద గాలివాన తర్వాతా ఇలాంటి పచ్చి కర్ర చవకగా వస్తుంది. దాన్ని నీడలో నెలల తరబడి ఆరబెట్టేదాకా సర్క్యులర్ సా పెట్టకపోవడమే మంచిది. పోర్టు ఊరు కనుక దిగుమతి సరుకుతో వచ్చిన పైన్ ప్యాలెట్లు కూడా దొరుకుతాయి. వాటిమీద అంతర్జాతీయ ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధిచేసినది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. రెండోదాన్ని ఇంట్లోకి తేవద్దు. మొదటిదాన్నయినా మేకులన్నీ పీకి, అయస్కాంతంతో తడిమి చూశాకే కోయాలి, కార్బైడు పన్ను ఒక్కటి విరిగినా బ్లేడు మార్చాల్సిందే. సముద్రానికి దగ్గరగా ఉండేవారు వాడే ప్లైవుడ్ మెరైన్ గ్రేడు, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది. దాని పొరల మధ్య ఫినాల్ జిగురు గట్టిది కావడంవల్ల చవక బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. మిషనుతో పెట్టెలో ఉచితంగా వచ్చే 24 పళ్ళ బ్లేడును నిలువు కోతలకు ఉంచుకుని, ప్లైవుడ్‌కు 40 పళ్ళదో 60 పళ్ళదో వేరే కొనాలి. డబ్బు తక్కువైతే మిషనులో ఒక మెట్టు దిగినా ఫరవాలేదు, బ్లేడులో దిగవద్దు.

కరెంటు విషయం. 1,400 వాట్ల మిషను 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. టీవీ వెనక ఉండే చిన్న సాకెట్టు హద్దు సరిగ్గా అంతే. గీజరుకో ఏసీకో పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి మందపాటి తీగ ఎక్స్‌టెన్షన్‌తో తీసుకోవాలి, లీకేజీకి పడిపోయే ట్రిప్పరు పనిచేస్తోందో లేదో ముందే నొక్కి చూడాలి. శబ్దం వంద డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ హద్దనీ, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుందనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పిన లెక్క ప్రకారం వంద దగ్గర చెవికి పావుగంటే గడువు. చెవులకు మఫ్లర్లు తప్పనిసరి, పక్కింటివారికి ముందుగా ఒక మాటా తప్పనిసరి. రంపపు పొట్టును తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే చేర్చింది. బాల్కనీలో కోస్తే కింది ఇంటి బట్టలమీద పడుతుంది, గదిలో కోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాబా మీద, మాస్కు కట్టుకుని, వాక్యూమ్ గొట్టం తగిలించుకుని కోయడం ఈ రెండిటికీ మధ్యేమార్గం. బ్యాటరీ రంపాలు ఈ డాబా పనికి హాయిగా ఉంటాయి గాని, అదే కంపెనీ డ్రిల్లూ దాని బ్యాటరీలూ ఇప్పటికే ఉన్నవారికి తప్ప లెక్క గిట్టదు.

దుకాణంలో పెట్టె తెరిపించి చూడాల్సినవి కొద్దే. మిషను ప్లగ్గు పీకి ఉండగా గార్డును వేలితో వెనక్కి లాగి వదిలితే టక్కున మూసుకోవాలి, మధ్యలో ఆగితే ఆ మిషను వద్దు. బేస్ ప్లేటును బల్లమీద పెట్టి మూలలు నొక్కితే ఊగకూడదు. ప్లేటు అంచు నుంచి బ్లేడు ముందు పంటికీ వెనక పంటికీ ఉన్న దూరం స్కేలుతో కొలిస్తే రెండూ ఒకటే కావాలి. పల్చని రేకు ప్లేటు ఒకసారి కింద పడితే వంగిపోతుంది, ఆ తర్వాత గైడు పలక ఎంత తిన్నగా ఉన్నా లాభం లేదు. అందుకే వాట్లకన్నా ప్లేటు గట్టిదనానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. బ్లేడు వెనక కోత పూడిపోకుండా నిలిచే ఉక్కు రేకు ఉన్న రకం అదే ధరలో దొరికితే దాన్నే తీసుకోవాలి. బాష్, మకిటా, డివాల్ట్ లాంటి పేర్లకు కాస్త ఎక్కువ పెట్టడం విడిభాగాల కోసమే. ఉప్పుగాలికి ప్లేటు, ఇరుసు తుప్పు పడతాయి గనుక వాడాక పల్చగా నూనె రాసి మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. మోటారులో ముందుగా అరిగేది కార్బన్ బ్రష్‌ల జత. అవి వందా రెండు వందల రూపాయల వస్తువులే కాబట్టి, అదే మోడల్‌వి ఒక జత మిషనుతోపాటు బిల్లులో రాయించుకోవచ్చు.